కుక్క కారు వెంట ఎందుకు పడుతుంది?

ఒకప్పుడు కుక్కలు కార్ల వెంట మొరుగుతూ పరిగెత్తేవి కావు. కార్ల పక్కన, కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తేవి.

నాకెలా తెలుసంటారా? నాకు కారు నడపడం రాదు. నేర్చుకోబోయి మా గేటుకే నడక నేర్పాను. ఈ కథ నాకొక కుక్క చెప్పింది. తరుముతూ చెప్పింది కాబట్టి మధ్యలో నాలుగు మాటలు జారిపోయుంటే అది నా కాళ్ల తప్పు.

ఒక ఘాట్‌రోడ్డు మొదట్లో చిట్టక్క అనే కుక్క ఉండేది. ఆమెకో నేస్తం. పేరు ఎర్రన్న. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. నేలను కరుచుకుని ఉండేవాడు. పైకప్పు కారేది, పొగ కంపు కొట్టేది. సగం కొండెక్కి "అక్కా, ఆయాసం" అని ఆగిపోయేవాడు.

"ఆగరా తమ్ముడూ, తొందరేముంది? గాలి పీల్చుకో" అనేది చిట్టక్క.

కొండెక్కే ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేవారు, దిష్టి తగలకుండా. ఎర్రన్న నిమ్మకాయ తొక్కాడంటే చాలు, "అబ్బబ్బా, పులుపే!" అని ఒళ్లంతా జలదరించేది. స్టీరింగు గిలగిల్లాడేది. నడిపేవాడి చేతులు కూడా పులిసిపోయి, వాడూ పకపకా నవ్వేవాడు.

రోడ్డు కూడా ఎర్రన్నతో మాట్లాడేది. "ఒరే ఎర్రా, పై మలుపులో ఇసుకుంది, చూసుకో" అని చక్రాల్లోంచి చెప్పేది. అందుకే కుక్కపిల్లలు రోడ్డుమీదే హాయిగా పడుకునేవి.

ఎర్రన్నకు కొడుకు పుట్టాడు. నాన్నకంటే బలం, నాన్నకంటే వేగం. కారని కప్పు. నిమ్మకాయ తొక్కాడు. కొంతదూరం వెళ్లాక, "కాస్త పుల్లగా ఉన్నట్టుంది కదత్తా?" అన్నాడు.

"నన్నడుగుతావేందిరా అల్లుడూ? తొక్కింది నువ్వా, నేనా?" అంది చిట్టక్క. రోడ్డు కూడా వాడికి ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది.

తర్వాత ఎర్రన్న మనవడొచ్చాడు. అబ్బో, వాడి మెరుపు! మలుపుల్లో ఒరగడు, గతుకుల్లో ఊగడు. నిమ్మకాయ పచ్చడైపోయింది. గింజ ఎగిరొచ్చి చిట్టక్క ముక్కుకు తగిలింది.

"ఎలా ఉందిరా మనవడా?"

"ఏది అవ్వా?"

"నిమ్మకాయరా!"

"ఏ నిమ్మకాయ?"

చిట్టక్క ముక్కుమీది గింజ దులుపుకుంది. "పోనీ, గొంతు మాత్రం అచ్చం మీ తాతదే."

"నా గొంతు కాదవ్వా. తాత ఇంజను గొంతు పట్టి స్పీకరు పెట్టెలో పెట్టారు. లోపల వినిపిస్తుంటుంది."

"థూ! పలకడానికి గొంతు కూడా అరువేనా?"

సరిగ్గా ఆ రోజే చిట్టక్క చిన్నకొడుకు బుడ్డోడు మలుపులో, వెచ్చటి రోడ్డుమీద పడుకుని ఉన్నాడు. మనవడు దూసుకుపోతున్నాడు.

"ఆగరా! పసివాడున్నాడు!" అని రోడ్డు గొంతు చించుకుంది. వాడికి వినిపించలేదు. "ఒరే మనవడా!" అని చిట్టక్క ఏడుస్తూ పరిగెత్తింది. అద్దాలు బిగించి ఉన్నాయి.

కీచుమని కారు ఆగింది. బుడ్డోడి ముక్కుకు బెత్తెడు దూరంలో.

నడిపేవాడు ఫోనులోంచి తలెత్తి, "ఎందుకాగిందబ్బా ఇది?" అన్నాడు.

చిట్టక్క రొప్పుతూ వచ్చి బిడ్డను మెడ పట్టి పక్కకు లాక్కుంది. "చూశావా నా బిడ్డను?"

"ఏ బిడ్డ? బ్రేకు దానంతటదే పడిందవ్వా. నాకేం తెలీదు."

చిట్టక్కకు ఒళ్లు మండిపోయింది.

"నా బిడ్డను బతికించావని దండం పెట్టనా, బతికించిన సంగతే తెలీనందుకు కరవనా? మీ తాతవి అంతంతమాత్రం బ్రేకులే. కానీ నా బిడ్డ ఇక్కడ పడుకున్నాడని వాడికి రెండు మలుపుల కిందే తెలిసిపోయేది. మెల్లగా వచ్చి, 'లేవరా అల్లుడా, దారి' అనేవాడు!"

"తాతకంటే వేగంగా పోతున్నాను. వానకు కారను. మధ్యలో ఆగను. ఇంకేం తక్కువవ్వా?" వాడు నిజంగానే అడిగాడు, పాపం.

"ఒక్కసారి పుల్లగా ఉందనరా. అంతే చాలు."

"పులుపంటే ఏంటవ్వా?"

నడిపేవాడు అద్దం కాస్త దించి, కారు కదిలించాడు. అద్దం సందులోంచి పెట్టెలోని గొంతు బయటికొచ్చింది. అచ్చం ఎర్రన్న గొంతే. చిట్టక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. అబద్ధమని తెలుసు. అయినా కాళ్లు ఆగలేదు.

"ఎర్రా! ఒరే తమ్ముడూ! లోపలున్నావా? పలకరా!" అని అరుస్తూ వెంటపడింది. వెనకాలే బుడ్డోడు.

అప్పటినుంచే కుక్కలు కారు కనిపిస్తే చాలు, మొరుగుతూ వెంటపడుతున్నాయి. మనం కోపం అనుకుంటాం. కోపమే. కానీ అడుగుతున్నది మాత్రం, "పుల్లగా ఉందా? పుల్లగా ఉందా?" అని. కారు ఆగిందా, ఏం చెయ్యాలో తోచక నిలబడతాయి. ఎర్రన్నేమోనని టైరు వాసన చూస్తాయి. కాదు.

అప్పుడు బుడ్డోడి వంశంవాళ్లు, నిమ్మకాయ తెలీనివాడికి ఇదైనా తెలుస్తుందేమోనని కాలెత్తుతారు.

ఇంతవరకు ఒక్క కారూ "ఛీ" అనలేదు.