దీనమ్మ క్యారియర్ వేడిగా ఉన్న వారం

త్రికోటికి ఆ బ్రేకరు మీద కోపం వచ్చింది.

చిలకలూరిపేట అవతల ఒక నూలు మిల్లు. అందులో దూది దుమ్మును లాగిపారేసే పెద్ద ఫ్యాను ఒకటుంది. దాని మోటారుకి కరెంటు పంపే బ్రేకరు ప్యానెల్ గదిలో ఉంటుంది. అది మాటిమాటికీ ఠపీమని పడిపోతోంది. త్రికోటి పరుగెత్తుకెళ్లి ఎత్తడం, కాసేపటికి అది మళ్లీ పడటం. ఫ్యాను ఆగితే దుమ్ము లేస్తుంది. దుమ్ము లేస్తే మిషన్లన్నీ ఆపాలి. మిషన్లు ఆగితే సూపర్‌వైజర్ సుబ్బరామయ్య గారు ప్యానెల్ గది గుమ్మంలోకొచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడతారు.

"ఏమయ్యా, మీ ఉస్తాదు ఊళ్లో లేకపోతే ఫ్యాను తిరగనంటుందా?"

ఉస్తాదంటే కాలేషా. మిల్లులో కరెంటు పనంతా ఆయన చేతి మీదే నడుస్తుంది. త్రికోటి ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. నెలాఖరుకి ఆయన పని మానేసి ఇంటిపట్టున ఉంటానంటున్నాడు. అక్క కూతురి పెళ్లికని వినుకొండ వెళ్తూ, ప్యానెల్ గది తాళంచెవి త్రికోటి చేతిలో పెట్టాడు.

"వచ్చాక ఇచ్చెయ్," అన్నాడు.

ఆయన వచ్చాక కూడా ఆ తాళంచెవి తన దగ్గరే ఉండిపోవాలని త్రికోటి కోరిక. ఉస్తాదు ఊరెళ్తే మిల్లు ఆగిపోయిందన్న మాట వచ్చిందంటే ఇక అది తనకి దక్కదు.

ఆ బ్రేకరు ముఖాన అరచేయంత ట్రిప్ యూనిట్ ఉంటుంది. మోటారుకి ఎంత కరెంటు పోతోందో అదే కనిపెట్టుకుని ఉంటుంది. కొంచెం ఎక్కువైతే కాసేపు ఓర్చుకుంటుంది. తగ్గకపోతే తనే బ్రేకరుని పడేస్తుంది. మరీ ఎక్కువైతే ఓర్చుకోదు, ఆ క్షణానే పడేస్తుంది. ఎందుకు పడేసిందో పైనున్న చిన్న అద్దంలో అక్షరాలతో చూపిస్తుంది. ఎంతదాకా ఓర్చుకోవాలో చెప్పడానికి పక్కనే ఒక మర. ఆ మర ఎక్కడుండాలో కాలేషా ఎర్ర రంగుతో చుక్క పెట్టి ఉంచాడు.

త్రికోటి అద్దం వంక చూడలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని ఆ మరని చివరికంటా తిప్పేశాడు.

బ్రేకరు పడటం మానేసింది.

సుబ్బరామయ్య గారు క్యాంటీన్ నుంచి వేడివేడి మిరపకాయ బజ్జీలు తెప్పించి, "గురువును మించావురా," అన్నారు. త్రికోటి చొక్కా గుండీ ఒకటి విప్పుకుని మిల్లంతా తిరిగొచ్చాడు.

పెళ్లి అయిపోయి కాలేషా వచ్చిన రోజున ఆయనకి ముందుగా ఎదురుపడింది దీనమ్మ. ఫ్యాను పక్క మిషను ఆవిడది. మనిషి సన్నం, గొంతు పెద్దది.

"సాయిబు గారూ, పెళ్లి భోజనం బాగా పట్టినట్టుందే! మీరు లేకపోయినా మాకేం లోటు లేదులే. మీ శిష్యుడి పుణ్యమా అని ఈ వారమంతా వేడన్నం తింటన్నాం."

"అదెట్టా?" అన్నాడు కాలేషా నవ్వుతూ.

"మోటారు నెత్తిన ఇనప పెట్టె ఉందిగా, దాని మీద క్యారియర్ పెడతన్నా. పప్పు పొయ్యి మీంచి దించినట్టే ఉంటంది."

వెనకాలే ఉన్న త్రికోటి కూడా నవ్వాడు.

కాలేషా నవ్వు ఆగిపోయింది. "ఆ క్యారియర్ తీసేసి దూరంగా కూర్చో తల్లీ," అని ఆవిడతో అని, ప్యానెల్ గదిలోకి నడిచాడు. కరెంటు ఎక్కువ పోతోందని చెప్పే పసుపు దీపం ట్రిప్ యూనిట్ మీద మిణుకుమిణుకుమంటోంది. స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాపాడు. త్రికోటి అందించాడు. మరని ఎర్ర చుక్క దగ్గరికి తిప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి బ్రేకరు ఠపీమని పడింది. ఫ్యాను మూలుగుతూ ఆగింది. వెనకే మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"చూశారా ఉస్తాద్! నేను పెట్టినట్టు ఉంచితే పడేది కాదు," అన్నాడు త్రికోటి.

సుబ్బరామయ్య గారు రానే వచ్చారు. "కాలేషా, ఏంటయ్యా ఇది? నీకన్నా నీ శిష్యుడే నయం!"

"నిజమే కావచ్చు సార్. ఒక్క టీ తాగి చూద్దాం," అన్నాడు కాలేషా.

క్యాంటీన్ కెటిల్ వచ్చింది, పొగలు కక్కుతూ. కాలేషా బల్ల మీద ఎప్పటిదో చల్లారిన టీ స్టీలు గ్లాసులో ఉంటే, దాన్ని త్రికోటి చేతికిచ్చాడు.

"పట్టుకో. నేను పెట్టమనేదాకా పెట్టబాక."

"దీనికేముంది ఉస్తాద్, సాయంత్రందాకా పట్టుకుంటా."

కాలేషా అందులో సగం పారబోసి, కెటిల్లోంచి వేడి టీ కలిపాడు. త్రికోటి గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. అంచు పట్టుకున్నాడు. ఊదుకున్నాడు. కాసేపటికి ఇక లాభం లేదని బల్ల మీద పెట్టేశాడు.

"మిల్లు ఆగిపోయి నేనేడుస్తుంటే మీకు టీ పందేలేంటయ్యా!" అన్నారు సుబ్బరామయ్య గారు.

కాలేషా గ్లాసు ఖాళీ చేసి, ఈసారి అంచుదాకా మరిగే టీ పోశాడు.

"ఇది పట్టుకో."

త్రికోటి వేళ్లు అలా తగిలాయో లేదో, గ్లాసు ఖంగుమని కిందపడింది. టీ అందరి కాళ్ల మీదా చిందింది. మిషను ఆగాక గుమ్మంలోకొచ్చి చూస్తున్న దీనమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తుకుని, "బాగుందయ్యా మీ చదువు!" అంది.

"నేను పెట్టమన్నానా?" అడిగాడు కాలేషా.

"కాలింది ఉస్తాద్!"

"నిన్నడిగే వదిలేసిందా, చెయ్యి?"

త్రికోటి కాలిన వేళ్ల వంక చూసుకున్నాడు. ఆ తర్వాత బ్రేకరు వంక చూశాడు.

నెమ్మదిగా వెళ్లి ట్రిప్ యూనిట్ ముందు వంగాడు. అద్దంలో అక్షరాలున్నాయి. మీట నొక్కుతూ వెనకటివి చూశాడు. ఇవాళ పడింది, ఆ ముందు పడింది, దానికి ముందు పడింది. తను ఎత్తిన ప్రతిసారీ దాని జవాబు ఒక్కటే. మోటారు మొయ్యలేని బరువు మోస్తోంది.

"దీనమ్మక్క క్యారియర్..." అన్నాడు తనలో తాను.

బయటికొచ్చి, ప్యానెల్ గది తలుపు వేసి, తాళం పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఎవరూ లోపలికెళ్లి బ్రేకరు ఎత్తకుండా. అప్పుడు వెళ్లాడు మోటారు దగ్గరికి.

అరచేయి తిరగేసి ఇనప పెట్టె మీద ఆనించాడు. వెంటనే తీసేశాడు. మోటారు కడుపు కింద పేరుకున్న దూదిని పుల్లతో లాగాడు. పైపైన తెల్లగానే ఉంది. లోపల దూది మాడిన అప్పడంలా ఉంది. ముట్టుకుంటే పొడైపోయింది.

ఇరుసు పట్టుకుని తిప్పబోయాడు. కరకరమంది గానీ తిరగలేదు. లోపల బేరింగు అరిగిపోయింది.

దీనమ్మ వెనకనుంచి చూస్తోంది. తన మిషనుకీ ఆ దూదికీ మధ్య ఎంత దూరముందో కళ్లతో కొలుచుకుంది. క్యారియర్ని చంకలో గట్టిగా పెట్టుకుంది.

"నేను రోజూ ఇక్కడే గదయ్యా కూర్చునేది," అంది. ఈసారి గొంతు పెద్దగా లేదు.

త్రికోటి తలెత్తలేకపోయాడు.

సుబ్బరామయ్య గారికి లారీ గుర్తొచ్చింది. సాయంత్రం నూలు ఎక్కించాలి.

"ఈ పూటకి లాగించి రేపు విప్పుకోండయ్యా. వెయ్ ఫ్యాను!"

"వెయ్యనండి," అన్నాడు త్రికోటి.

"ఏంటీ?"

"బేరింగు మార్చేదాకా వెయ్యను. లారీ రేపు పంపించుకోండి. కావాలంటే నా పేరు చెప్పండి పైన."

ఆ మాట తనదేనా అని త్రికోటికే అనిపించింది.

సుబ్బరామయ్య గారు కాలేషా వైపు తిరిగారు. "కాలేషా, నువ్వైనా చెప్పు. నువ్వెళ్లి వెయ్యి!"

"తాళంచెవి నా దగ్గర లేదు సార్," అన్నాడు కాలేషా.

మర్నాడు కొత్త బేరింగు పడింది. ఫ్యాను గాలి మళ్లీ సన్నగా, ఒకే తీరుగా పాడటం మొదలెట్టింది. మర ఎర్ర చుక్క దగ్గరే ఉంది. పసుపు దీపం వెలగలేదు.

మధ్యాహ్నం దీనమ్మ గోడ పక్కన కూర్చుని క్యారియర్ విప్పింది. "ఒరే త్రికోటీ, మళ్లీ చద్దన్నమేరా నా బతుకు!" అని కేకేసింది. ఆడవాళ్లంతా నవ్వారు.

"చల్లగానే తిను దీనమ్మక్కా," అన్నాడు త్రికోటి.

టీ వేళకి కాలేషా ప్యానెల్ గది మెట్టు మీద కూర్చున్నాడు. త్రికోటి ఆయన ముందు నిలబడి జేబులోంచి తాళంచెవి తీశాడు. "వచ్చాక ఇమ్మన్నారుగా ఉస్తాద్," అని చాపాడు.

కాలేషా టీ గ్లాసు చుట్టూ రెండు అరచేతులూ వేసి పట్టుకున్నాడు.

"చేతులు ఖాళీ లేవురా," అన్నాడు.