ఇంకొక్క చేప

అనగనగా అంటే అడవే అనుకుంటారు మీరు. కాదర్రా, ఈసారి సముద్రం. ఆ సముద్రం మధ్యలో ఒక రాతి దీవి. దాని మీద బొరియలు తవ్వుకుని ఒక రకం పిట్టలు పిల్లల్ని పెంచేవి. వాటిని షియర్‌వాటర్లు అంటారట. అలల్ని రెక్కతో కోస్తున్నట్టు ఎగురుతాయి కాబట్టి మనం అలకోత పిట్టలు అందాం.

ఈ పిట్టలకి ఒక పద్ధతి ఉంది. పిల్లకి చేపలు పెట్టి పెట్టి తల్లికంటే లావు చేస్తాయి. ఆ తర్వాత తిండి ఆపేసి, అమ్మా నాన్నా సముద్రం మీదికి వెళ్లిపోతారు. పిల్ల ఆకలికి చిక్కి, తేలికై, తనంతట తనే బయటికొచ్చి ఎగురుతుంది. వినడానికి కష్టంగానే ఉంటుంది. ఏం చేస్తాం, అలా అయితేనే ఎగరగలదు.

నూకాలు అనే తల్లి పిట్టకి ఒక్కడే కొడుకు. గుండ్రంగా ఉంటాడని "బూరె" అని పిలిచేది.

ఒకరోజు తండ్రి పిట్ట దానయ్య అన్నాడు: "ఇంక చాలే నూకాలూ. పద, పోదాం. వానలొస్తే ఈ బొరియలన్నీ మునిగిపోతాయి. ఈలోగా వీడు ఎగరాలి."

"నీకు మనసెలా వచ్చింది మావా? బిడ్డ ఆకలికి ఆగలేడు. నువ్వు పో, నేను తర్వాత వస్తా," అంది నూకాలు.

దానయ్య చెప్పి చెప్పి, మిగతా పిట్టలతో వెళ్లిపోయాడు.

నూకాలు రోజూ చేపలు తెచ్చేది. "ఇంకొక్కటి, నా తండ్రే!" అని నోట్లో పెట్టేది. పక్క బొరియల్లో పిల్లలు చిక్కి, ఒక్కొక్కటే కొండ అంచెక్కి ఎగిరిపోయాయి. బూరె మాత్రం సుబ్బరంగా తిని పడుకునేవాడు. "రేపు ఎగురుతాలే అమ్మా," అనేవాడు. అచ్చం మీలాగే!

తొలి వాన పడింది. బొరియలోకి నీళ్లొచ్చాయి.

"బయటికి రారా!" అని అరిచింది నూకాలు.

బూరె తల బయటికొచ్చింది. పొట్ట రాలేదు. ముక్కుతో పట్టి లాగింది. ఊహూ, కదల్లేదు. "అమ్మో, నొప్పి!" అని వాడు ఏడుపు. అదృష్టం బాగుండి వాన ఆగింది. నీళ్లు ఇంకాయి. మబ్బులు మాత్రం అలాగే ఉన్నాయి.

నూకాలు వాడి పొట్ట వైపు చూసింది. "అయ్యో, నేనే వీణ్ణి ఇందులో ఇరికించాను," అనుకుంది.

ఆ రోజునించి చేప పెట్టలేదు. బొరియ బయటే కూర్చుంది.

"అమ్మా, ఆకలే!" అన్నాడు బూరె.

"లేదురా," అంది.

మర్నాడు, "అమ్మా, ఒక్కటే, చిన్నది!" అన్నాడు. చేప తేవడానికి నూకాలు రెక్కలు విప్పబోయింది. అయినా, "లేదురా," అంది.

ఆ తర్వాత ఒకరోజు, "నువ్వసలు మంచి అమ్మవే కాదు!" అని అరిచాడు. ఆ మాటకి నూకాలు ఏడ్చేసింది. అప్పుడు కూడా పెట్టలేదు.

చివరికి ఒక పొద్దున బూరె కోపంగా తోసుకుంటూ బయటికొచ్చాడు. ఈసారి పొట్ట అడ్డు రాలేదు. అమ్మ వైపైనా చూడకుండా కొండ అంచు దాకా పాకి, దూకాడు. రెక్కలు గాలిని పట్టుకున్నాయి. అంతలో పెద్ద వాన మొదలై, ఖాళీ బొరియ నిండిపోయింది.

దూరంగా బూరె నీళ్లలో మునిగి, ఒక చేపతో లేచాడు. మింగి, మళ్లీ ఎగిరాడు. వెనక్కి తిరగలేదు.

నూకాలుకి ఒక్కసారి పిలవాలనిపించింది. పిలవలేదు. పిలిస్తే వచ్చేస్తాడేమోనని భయం.

నీతి: బిడ్డకి ప్రేమతో పెట్టడం ఎంత అవసరమో, సమయం వచ్చినప్పుడు ప్రేమతోనే ఆపడం కూడా అంతే అవసరం.