సన్యాసమ్మ నీళ్ళు

అప్పుడెప్పుడో, గోదారి దాటాలంటే పడవ తప్ప ఇంకో దారి లేని రోజుల్లో, గచ్చు రుద్దే ఆవిడ ఒకతె ఉండేది. ఏ ఏడని అడక్కండి. నేను మా అమ్మమ్మని అడిగితే 'ముందు' అంది. ఎంత ముందే అంటే 'చాలా ముందు' అంది. మీరూ అంతే అనుకోండి.

ఆవిడ పేరు సన్యాసమ్మ. సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి నేల మీద పరిచి, కర్రలతో కొట్టి, నున్నటి రాయితో రుద్దితే గచ్చు అవుతుంది. మిగతావాళ్ళు రాయితో రుద్దేవాళ్ళు, కంటితో చూసేవాళ్ళు, లేచిపోయేవాళ్ళు. సన్యాసమ్మ రాయితో రుద్దేది, అరచేత్తో తడిమేది, మళ్ళీ రుద్దేది. అందుకే అందరూ మూడు గదులు ముగించేసరికి ఆవిడ ఒక గదిలోనే ఉండేది. నేలకి జ్వరం చూస్తున్నావా అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. పనిచేసే మనిషిని చూసి ఆ నవ్వు ఎందుకో, నాకిప్పటికీ కోపమే.

ఆ ఊళ్ళో చలమయ్య అనే రైతు మూడేళ్ళు కష్టపడి మండువా లోగిలి కట్టించాడు. చుట్టూ గదులు, గదుల ముందు వసారా, మధ్యలో ఆకాశం కనిపించే మండువా. వసారా నుంచి మండువాలోకి మూడు మెట్లు. వాన వస్తే నాలుగు వైపుల చూరు నీళ్ళూ మండువాలో పడి, నేల కింద తూములోంచి వీధిలోకి పోవాలి.

గోడలు లేచాయి, కప్పు పడింది, తలుపులకి చెక్కడాలు అయ్యాయి. లోపల గచ్చు ఒక్కటే మిగిలింది. ఆ పని గవరయ్య మేస్త్రిది. మంచి పనివాడే, కాకపోతే తొందర మనిషి. జ్యేష్ఠం దాటితే ఆషాఢం, ఆ వెనకే మూఢం. ఉన్నది ఒక్కటే ముహూర్తం. అందుకని మండువా చురుకైనవాళ్ళకి అప్పగించి, సన్యాసమ్మని వంటింట్లో కూర్చోబెట్టాడు.

సున్నం లోపలికి జారిపోకుండా తూము నోట్లో గడ్డి కుక్కడం గచ్చు పనిలో మామూలే. పని అయ్యాక ఆ గడ్డి లాగెయ్యాలి. చురుకైనవాళ్ళు ఆ గడ్డి మీదే సున్నం పరిచారు, కొట్టారు, రుద్దారు. మొహం కనిపించేలా రుద్దారు. తూము నోరు ఎక్కడుందో ఇక ఎవరికీ తెలీదు. తూము వదిలారా అని సన్యాసమ్మ ఒకసారి అడిగింది. నీ వంటిల్లు నువ్వు చూసుకోమన్నాడు మేస్త్రి.

ముహూర్తం రోజు వచ్చింది. చుట్టాలు వసారాలో నిండారు. పనివాళ్ళు పెరట్లో భోజనాల కోసం నిలబడ్డారు. పొయ్యి మీద పాలగిన్నె పెట్టబోతుంటే వాన మొదలైంది. ఇల్లు ఎక్కుతుంటే వాన శుభమని ఆడవాళ్ళు సంతోషించారు.

నీళ్ళు మొదటి మెట్టు ఎక్కాయి. చలమయ్య మేస్త్రి వైపు చూశాడు. గవరయ్య పరుగున వెళ్ళి వీధి వైపు నుంచి వెదురు గుచ్చాడు. తూము మధ్యలో వంపు ఉంది. వెదురు అక్కడే ఆగిపోయింది.

నీళ్ళు రెండో మెట్టు ఎక్కాయి. ఈశాన్యం మూలే అయ్యుంటుందని మేస్త్రి గునపంతో అక్కడ పొడిచాడు. గచ్చు పగిలింది, కింద రాయి తగిలింది. మూడేళ్ళ కల కళ్ళ ముందే పెచ్చులుగా లేస్తోంది.

నీళ్ళు మూడో మెట్టు మీదికి వస్తున్నాయి. అవి వసారా ఎక్కితే గదుల్లో పచ్చి గచ్చంతా ఊడిపోతుంది, ముహూర్తం పోతుంది, మళ్ళీ ఎన్ని నెలలకో. మేస్త్రి గునపం ఇంకోచోట ఎత్తాడు.

"గునపం ఆపండయ్యా. నన్నోసారి తడిమి సూడనియ్యండి."

పెరటి గుమ్మంలో సన్యాసమ్మ నిలబడి ఉంది.

"అదెక్కడుందో నీకు తెలుసా?" అన్నాడు చలమయ్య.

"నాకు తెలవదండి. సేతికి తెలుత్తాది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవిడ నీళ్ళలోకి దిగింది. మెడ దాకా నీళ్ళలో మునిగేలా వంగి, అరచెయ్యి నేలకి ఆనించి, రోజూ గచ్చు తడిమినట్టే తడుముతూ కదిలింది. కింద గట్టి నేల ఉంటే గచ్చు రాయిలా బిగుస్తుంది. కింద గడ్డి ఉంటే ఎండదు, పచ్చిగానే ఉండిపోతుంది. అది కంటికి తెలీదు. తూర్పు వైపు తడిమింది, లేదు. దక్షిణం వైపు తడిమింది, లేదు. ఉత్తరం గోడకి రెండు జానల దూరంలో చెయ్యి ఆగింది.

కొంగున ఉన్న రుద్దుడు రాయి తీసింది. ఒక దెబ్బ వేసింది. రెండో దెబ్బ వేసింది. మూడో దెబ్బకి గచ్చు పిడికిలంత మేర లోపలికి దిగింది. గడ్డి పట్టి లాగింది. నీళ్ళు సుడి తిరిగి గుడగుడమంటూ తూములోకి దూకాయి. మూడో మెట్టు బయటపడింది, రెండో మెట్టు బయటపడింది, మొదటి మెట్టు బయటపడింది. వీధిలో నిలబడ్డవాళ్ళు "వచ్చింది, వచ్చింది" అని కేకలు పెట్టారు. ఇంటిల్లిపాదీ నవ్వుతూ ఏడ్చారు.

చలమయ్య పనివాళ్ళ ముందూ చుట్టాల ముందూ చెప్పాడు: "పొయ్యి నువ్వే వెలిగించాలి, సన్యాసమ్మా." తడిచీరతోనే ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. తను రుద్దిన నేల మీద తనే కూర్చుని పొయ్యి వెలిగించింది. పాలు ముహూర్తానికే పొంగాయి.

ఆ తర్వాత ఆవిడ లేకుండా ఆ చుట్టుపక్కల ఏ ఇంటి గచ్చూ ముగియలేదు. చివరికి ఒకనాడు ఆవిడ పోయింది. అటుపైన గవరయ్య కట్టిన మొదటి ఇంట్లో, పొయ్యి వెలిగించేముందు ఆయనే మండువాలో మూడు చెంబుల నీళ్ళు పోశాడు. అవి తూములో దిగాక వీధి వైపు మొహం పెట్టి ఒక మాట అడిగాడు. అది అలాగే నిలిచిపోయింది.

ఇప్పటికీ అక్కడ కొత్త ఇంట్లో పాలు పొంగించేముందు మూడు చెంబుల నీళ్ళు పోస్తారు. సన్యాసమ్మ నీళ్ళంటారు వాటిని. పోసేది ఇంటాయన కాదు, గచ్చు చేసినవాళ్ళలో అందరికంటే పెద్దావిడ. ఇంటాయన పొయ్యి దగ్గరే నిలబడి వీధిలోవాళ్ళకి వినబడేలా అడుగుతాడు.

"సన్యాసమ్మ వచ్చిందా?"

వచ్చిందండి అని వాళ్ళు చెప్పాకే అగ్గిపుల్ల గీస్తారు.