హకైమ నొక్కిన దారి

మొక్కజొన్నని తల్లి అనీ, జింకని అన్న అనీ, నిప్పుని తాత అనీ పిలుచుకునే జనం మెక్సికో దేశపు కొండల్లో ఉన్నారు. వాళ్ళని హుయిచోల్‌లంటారు. ఈ కథ ఎప్పటిదని అడిగితే వాళ్ళు నవ్వి ఊరుకుంటారు. ఏం జరిగిందంటే మాత్రం కూర్చోబెట్టి ఇలా చెబుతారు.

ఆ కొండల్లో హకైమ అని ఒక ముసలామె ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తేనెపట్టులు పిండి మైనం తీసేది. ఆ మైనాన్ని చెక్కపలక మీద పూసి, రంగు ఉన్నిదారాన్ని బొటనవేలితో నొక్కుతూ ఊళ్ళోవాళ్ళు బొమ్మలు వేసేవాళ్ళు. అవి గోడకి తగిలించుకోవడానికి కాదు. దేవతలకి చెప్పుకునే మాటలు అవి. వాన కావాలంటే పాము బొమ్మ, జ్వరం తగ్గాలంటే బిడ్డ బొమ్మ. తీసుకెళ్ళి ఊట దగ్గరో గుహలోనో పెట్టి వచ్చేవాళ్ళు.

ఏటా విత్తనాల ముందు ఊరు తూర్పున ఎడారికి నడిచేది. సూర్యుడు పుట్టిన కొండ అక్కడుంది. కొండకి ముందు నీటితల్లుల ఊటలున్నాయి. ఆ నీళ్ళు తెచ్చి చల్లితేనే చేలో విత్తనం పడేది. అందరికీ ముందు షౌరెమే తాత పాడుతూ నడిచేవాడు. దేవతలతో పాటలో మాట్లాడే పెద్దాయన. దారంతా ఆయన పాటలోనే ఉండేది. అందరికీ వెనక రొట్టెల బుట్ట మోస్తూ హకైమ నడిచేది. ఆమెకి కనిపించిన దారల్లా ముందువాళ్ళు లేపిన దుమ్మే.

ఒక ఏడు షౌరెమే తాత జబ్బుచేసి చాప పట్టాడు. పాడదామంటే ఊపిరి అందదు. ఆయన మనవడు యౌషలి పక్కనే కూర్చుని, "తాతా, దారి చెప్పు" అని బతిమాలేవాడు. తాత గొణిగే మాటలు ఒక చెవిలో పడేవి, భయంతో మరో చెవిలోంచి పోయేవి.

జావ తెచ్చిన హకైమ అది చూసింది.

"తాతా, పాటలు నాకు రావు. నువ్వు చెప్పు, నేను నొక్కుతాను" అంది.

మైనం ఉంది గానీ దారం లేదు. ఇంటికెళ్ళి తన దుప్పటి విప్పింది, తెల్లదారం వచ్చింది. తన నడికట్టు విప్పింది, ఎర్రదారం వచ్చింది. మొగుడి సంచి ఒకటి దాచుకుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి అదీ విప్పింది, నీలిదారం వచ్చింది.

తాత మబ్బుల వాకిలి గురించి చెప్పాడు. మైనం మెత్తబడింది, వేలు నొక్కింది, నీలిదారం అతుక్కుంది. ఎర్రమట్టి వాగు గురించి చెప్పాడు. మైనం మెత్తబడింది, వేలు నొక్కింది, ఎర్రదారం అతుక్కుంది. నీటితల్లుల ఊటల గురించి చెప్పాడు. మైనం మెత్తబడింది, వేలు నొక్కింది, తెల్లదారం అతుక్కుంది. తాత పలకని తడిమి చూసి, "సరిగ్గా ఉంది" అన్నాడు. కొన్నాళ్ళకి కన్నుమూశాడు.

"ఇంక ఎవరు తీసుకెళ్తారు? ఈ ఏడు మానేద్దాం" అన్నారు ఊళ్ళోవాళ్ళు.

"మానేస్తే విత్తనం ఎక్కడ వేస్తారు, నెత్తిమీదా?" అంది హకైమ. "లేవండి. దారి నా దగ్గరుంది."

లేచారు. యౌషలి పలకని వీపుకి కట్టుకున్నాడు. చూసుకుంటూ నడిచారు. మబ్బుల వాకిలి దాటారు. ఎర్రమట్టి వాగులో దిగారు. అక్కడ ఎండ మండిపోతోంది. వాగు నాలుగు పాయలై చీలిన చోట, దారి చూద్దామని పలకని దించారు.

మైనం కరిగి కారిపోయింది. మూడు రంగుల దారాలూ జారి ఒక ముద్దై కిందికి వేలాడుతున్నాయి.

యౌషలి పలక ముందు కూలబడ్డాడు. "నా వీపు మీదే పోయింది అవ్వా" అని ఏడ్చాడు. సొరబుర్రల్లో నీళ్ళు అడుగంటాయి. కొందరు అప్పుడే వెనక్కి తిరిగారు.

హకైమకి మొగుడి సంచి గుర్తొచ్చింది, ఉత్తినే విప్పానే అనిపించింది. పలకని దగ్గరికి లాక్కుని, ఖాళీ అయిన చెక్క మీద ఊరికే వేలు పెట్టింది. వేలు దానంతటదే కదిలింది. కొంచెం కదిలి, టక్కున ఎడమకి తిరిగింది.

"ఉండండి!" అంది. "ఇక్కడ మలుపు ఇరుకు. దారం లేచిపోతుంటే మళ్ళీ మళ్ళీ నొక్కాను, గోరు నొప్పెట్టింది. నల్లబండ పక్కనుంచి ఎడమకి అన్నాడు తాత, అప్పుడే."

వెతికారు. నల్లబండ ఉంది.

ఇక ఆమే ముందు నడిచింది. పాయ చీలిన ప్రతిచోటా కళ్ళు మూసుకుని, అరచేతిలో వేలు నొక్కుకునేది. వేలు కదిలితే తాత మాట గుర్తొచ్చేది. మాట గుర్తొస్తే దారి దొరికేది. పొద్దు వాలేలోపు రెల్లుపొదలు కనిపించాయి. వాటి మధ్య నీటితల్లుల ఊటలు మిలమిలలాడుతున్నాయి. పిల్లలు పరిగెత్తి మోకాళ్ళ మీద పడ్డారు.

హకైమ ఆ పలకని ఊట ఒడ్డున పెట్టింది.

"చెడిపోయిన బొమ్మ పెడతామా అవ్వా?" అన్నాడు యౌషలి.

"మనం వచ్చాం కదా నాయనా. నీటితల్లికి ఇంకేం చెప్పాలి?"

మర్నాడు సూర్యుడు పుట్టిన కొండకి మొక్కి, బుర్రలనిండా నీళ్ళతో ఇల్లు చేరారు. ఆ ఏడు మొక్కజొన్న మనిషెత్తు పెరిగింది. హకైమ ఇంకా చాలా ఏళ్ళు బతికింది. యౌషలితో మొదలుపెట్టి, ఊళ్ళో ఆడా మగా అందరి వేళ్ళకీ ఆ దారి నేర్పింది. ఒక వానాకాలం, కంకులు పాలు పోసుకునే వేళ, నిద్రలోనే వెళ్ళిపోయింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పిల్లలు మొదటిసారి మైనం ముందు కూర్చుంటే జింకనీ పువ్వునీ వేయనివ్వరు. ముందు దారే వేయిస్తారు. అది పూర్తయ్యాక పలకని ఎండలో పెట్టి కరిగించేస్తారు. పిల్లలు ఏడుస్తారు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఆ చిన్న బొటనవేలిని ముద్దుపెట్టుకుని, "ఏడవకు, హకైమ అవ్వ ఇందులోకి వచ్చేసింది" అంటారు.