దరియా సాహెబు గారి నాలుగో పీక

పడిపోవడానికి ఇంకో వేళే దొరకనట్టు మాల్యాద్రి సరిగ్గా గట్టిమేళం వేళకు పడిపోయాడు.

పంతులు గారు చెయ్యి ఊపారు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వంగాడు. మాల్యాద్రి గుండెల నిండా గాలి పీల్చి, బుగ్గలు పూరించి నాదస్వరం ఎత్తాడు. అంతే, కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు.

పక్కన రెండో నాదస్వరం పట్టుకున్నది అతని గురువు షేక్ దరియా సాహెబు గారు. డెబ్బై ఏళ్ళ మనిషి. శిష్యుణ్ణి మోకాలితో ఆనించి పట్టుకుని, మేళం ఒక్క క్షణం కూడా ఆగకుండా అందుకున్నారు. మూడు ముళ్ళూ పడ్డాయి. అక్షింతల గోలలో పెళ్ళివారికి సంగతే తెలియలేదు. చూసిన ఒకరిద్దరు కూడా, "ఎంత భక్తో చూడండి, వాయిస్తూ వాయిస్తూ ఒళ్ళు మరిచిపోయాడు" అని మెచ్చుకున్నారు.

భక్తీ కాదు, దిష్టీ కాదు. గుంటూరులో డాక్టరమ్మ స్కాన్ తీసి, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. గుండెలో రెండు గదుల మధ్య గోడ కండపట్టి లావెక్కింది. నెత్తురు ఒంట్లోకి వెళ్ళే దారికి అది అడ్డొస్తోంది. ఊపిరి బిగబట్టి ఊదితే ఆ దారి ఇంకా ఇరుకైపోతుంది. ఆ జబ్బు పేరు మాల్యాద్రికి నోరు తిరగలేదు గానీ, సంగతి మాత్రం బాగానే అర్థమైంది.

"దీనికి రెండు దార్లున్నాయి" అంది డాక్టరమ్మ. "ఒకటి మాత్రలు. గుండె పరుగు తగ్గిస్తాయి, దారి కాస్త తెరుచుకుంటుంది. ఏళ్ళ తరబడి వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదు. చాలామందికి వాటితోనే గడిచిపోతుంది. లొంగకపోతే రొమ్ము తెరిచి, ఆ ఎక్కువైన కండని పలచగా కోసి తీసేస్తాం. ముందు మాత్రలతో చూద్దాం. నేను చెప్పేదాకా నాదస్వరం మాత్రం నోట పెట్టుకోవద్దు."

మాల్యాద్రికి తల కొట్టేసినట్టయింది. ఇరవై తొమ్మిదేళ్ళకే గుండ్లకమ్మ ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా పేరు తెచ్చుకున్నవాడు. నాదస్వరం లేకపోతే తనెవరో తనకే తెలియదు.

గురువు గారు మాత్రం అతణ్ణి ఇంట్లో కూర్చోనివ్వలేదు. ఒక జత తాళాలు చేతిలో పెట్టి, "రా, నా పక్కన కూర్చుని తాళం వెయ్" అన్నారు. పెద్ద మేళగాడు తాళం వెయ్యడమా! పెళ్ళిళ్ళలో తెలిసినవాళ్ళు పలకరిస్తే భూమిలోకి కుంగిపోయేవాడు. అయినా గురువు మాట.

మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది. మళ్ళీ పరీక్షకు వెళితే డాక్టరమ్మ పెదవి విరిచింది. ఆయాసం తగ్గలేదు, అడ్డం తగ్గలేదు. "మాత్రలకు లొంగినట్టు లేదు. ఇంకో నెల చూసి ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం" అంది.

మర్నాడు పొద్దున ఏడింటికల్లా మాల్యాద్రి గురువు గారి అరుగు మీద వాలాడు. ఆ రోజు పదకొండింటికి ముహూర్తం ఉంది.

"కోయించుకునేదా, మింగుతా కూర్చునేదా, మీరే చెప్పండి గురువు గారూ. నాకైతే ఒక్క దెబ్బతో తేల్చుకుందామని ఉంది. ఈ మాత్రలు నాకు పని చెయ్యవు. తొందరగా కోయించుకుంటే వైశాఖంలో కొండ మీద తిరునాళ్ళకు నాదస్వరం పట్టొచ్చు."

గురువు గారు టీ తాగుతున్నారు. గ్లాసు ఖాళీ చేసి, లోపలికి వెళ్ళి చిన్న రేకు డబ్బా, గోరువెచ్చని నీళ్ళున్న లోటా తెచ్చి అతని ముందు పెట్టారు.

"నాలుగు పీకలు కావాలి ఇవాళ. తడిపి ఇవ్వు, నేను పలికించి చూస్తా."

పీకంటే నాదస్వరం మూతికి పెట్టి ఊదే చిన్న రెల్లు ముక్క. వెడల్పు గోరంత. అది నాని మెత్తబడితేనే నాదం. ఎండిన పీకతో ఊదితే ఎంత మొనగాడికైనా గాలే వస్తుంది.

మాల్యాద్రి ఒక్కొక్కటే ముంచి ఇచ్చాడు. మొదటిది పలికింది. రెండోది పలికింది. మూడోది కాస్త సణిగి పలికింది. నాలుగోది మొండిది. గురువు గారు ఊదితే బుస్సుమని ఊరుకుంది.

"ఇంకా నానాలి" అని వెనక్కిచ్చారు.

మాల్యాద్రి ముంచాడు, తీశాడు. వేలితో నొక్కి చూశాడు. మళ్ళీ ముంచాడు. ఎదురుగా పోతున్న మోటారు సైకిల్ వంక చూసి, మళ్ళీ తీశాడు. పలకలేదు. చిరాకెత్తి డబ్బాలోంచి చిన్న చాకు తీశాడు. మందంగా ఉన్న పీక అంచును చాకుతో గీకి పలచన చెయ్యడం మేళగాళ్ళకు కొత్త కాదు. కాకపోతే గీకింది మళ్ళీ అతకదు. ఒక్క పిసరు ఎక్కువ పోయినా ఆ పీక పారెయ్యడమే.

చాకు అంచుకు ఆనిందో లేదో, గురువు గారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఎంతసేపు నానబెట్టావురా?"

"నానబెట్టాను గదా."

"ఎంతసేపు?"

గురువు గారు చెయ్యి వదల్లేదు. మూడు వేళ్ళు నాడి మీద ఆనించి, రెండో చేత్తో తన తొడ మీద మెల్లగా తాళం వెయ్యడం మొదలుపెట్టారు. మెల్లగా మొదలైన తాళం నాడిని అందుకోవడానికి వేగం పెంచింది. ఇంకా పెంచింది. చివరికి ఆయన చెయ్యి అలిసిపోయి ఆగింది.

"ఇవాళ మాత్ర వేసుకోలేదు నువ్వు."

మాల్యాద్రి చెయ్యి లాక్కోబోయాడు.

"ముహూర్తం ఉన్న రోజు వేసుకోవు. అంతేనా?"

ఇక దాచి లాభం లేదు. "మాత్ర వేసుకుంటే ఒళ్ళంతా నెమ్మదైపోతుంది గురువు గారూ. తాళం జారిపోతుందని భయం. నాదస్వరం ఎట్టాగూ పోయింది. తాళం కూడా తప్పు వేశాడంటే ఇంకేం మొహం పెట్టుకుని మీ పక్కన కూర్చోను?"

మాఘ ఫాల్గుణాల్లో ముహూర్తం లేని రోజులు ఎన్నని! వేసుకున్న మాత్రలకంటే మానేసినవే ఎక్కువ. అదీ అసలు సంగతి. డాక్టరమ్మకు చెప్పలేదు, ఇంట్లో భార్య తిరుపతమ్మకు చెప్పలేదు. పాపం ఆవిడ రోజూ పొద్దున నీళ్ళూ మాత్రా చేతికిచ్చి వెళ్ళేది. ఈయన గారు నీళ్ళు తాగి మాత్ర జేబులో వేసుకునేవాడు.

గురువు గారు తిట్టలేదు. చాకు మడిచి తన జేబులో వేసుకున్నారు. పీకను మళ్ళీ లోటాలో వేశారు.

"తాళం జారితే జారనీ. నేను దానితోపాటే నడుస్తా."

మాల్యాద్రికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జేబులోంచి మాత్ర తీసి అక్కడే మింగాడు.

ఆ రోజు పెళ్ళిలో గురువు గారు అన్న మాట నిలబెట్టుకున్నారు. మాల్యాద్రి తాళం ఎంత నిదానమైతే ఆయన కీర్తన అంత నిదానంగా నడిచింది. డోలు ఆయన గుర్రుగా చూశాడు గానీ, చేసేదేముంది, తనూ నిదానించాడు. భోజనాల దగ్గర పెళ్ళికూతురి తాతగారు వచ్చి, "ఈ రోజుల్లో అందరూ పరుగులే సాహెబు గారూ. ఇంత తీరుబడిగా వాయించే మేళం విని ఎన్నాళ్ళయింది!" అని కండువా కప్పి వెళ్ళారు. మాల్యాద్రి నవ్వు ఆపుకోలేక విస్తట్లోకి తల దించుకున్నాడు.

డాక్టరమ్మకు నిజం చెబితే మాత్రం చీవాట్లు బాగానే పడ్డాయి. తిట్టి, మాత్ర మోతాదు సరిచేసి, మూడు నెలలు గడువిచ్చింది. "ఈసారి మానావంటే నా దగ్గరికి రాకు" అంది. తిరుపతమ్మ అంతకంటే ఎక్కువే అంది. అప్పటినుంచి మాత్ర నోట్లో వేసుకున్నాక నోరు తెరిపించి చూస్తేగాని వదిలేది కాదు.

చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం. ఒక్క పూట మానలేదు. తేడా తెలిసింది. వీధి చివరిదాకా ఆగకుండా నడుస్తున్నాడు. రెండు దిండ్లు పెట్టుకోకుండా పడుకుంటున్నాడు. నాలుగో పీకను కూడా గురువు గారు అన్నాళ్ళూ ఓపిగ్గా తడుపుతూనే ఉన్నారు. దానికీ మాట వచ్చింది. కింది స్వరాలు పలుకుతోంది, పై షడ్జం దగ్గర మాత్రం గొంతు పట్టేస్తోంది.

అయినా తిరునాళ్ళకు కొండెక్కినప్పుడు మాల్యాద్రి ఇరవయ్యో మెట్టు దగ్గర కూర్చుండిపోయాడు. మూడు నెలలు నిండాక డాక్టరమ్మ స్కాన్ చూసి, "ఇప్పుడు నీ లోపం లేదు. మాత్రలు చేయగలిగింది చేశాయి. ఇక ఆపరేషనే మంచిది. ఆలోచించుకుని చెప్పు" అంది.

మాల్యాద్రి మళ్ళీ అరుగు మీదికి వచ్చాడు. ఈసారి ఏది మంచిదని అడగలేదు.

"ఆషాఢంలో ముహూర్తాలుండవు గదా గురువు గారూ. అప్పుడు చేయించుకుంటానని చెప్పొచ్చాను." అరుగు అంచున కూర్చుంటూ అన్నాడు, "అప్పుడు తొందరపడ్డాను గానీ, ఇప్పుడు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది" అన్నారు గురువు గారు.

ఆ మాట అని జేబులోంచి చాకు తీశారు. నాలుగో పీకను నీళ్ళలోంచి తీసి, వెలుతురుకు పెట్టి చూసి, అంచు మీద చాకు ఆనించారు. ఒక్కసారి గీకి చూశారు. మళ్ళీ ఒక్కసారి. పీకను నాదస్వరానికి బిగించి ఊదితే పై షడ్జం వీధి వీధంతా మోగింది. ఎదురింటావిడ వాకిలి ఊడుస్తూ చీపురు పట్టుకుని నిలబడిపోయింది.

గురువు గారు ఆ పీకను తుడిచి, తన దగ్గరే దాచిన మాల్యాద్రి నాదస్వరానికి దారంతో కట్టారు. "దీన్ని ఇక నేను ఊదను. ఇది నీది."

ఆపరేషన్ నాడు థియేటర్ బయట బల్ల మీద కూర్చుని ఆయన అయిదు గంటలసేపు తొడ మీద తాళం వేస్తూనే ఉన్నారు. "తాతగారూ, ఆ చప్పుడు ఆపండి, ఇది ఆసుపత్రి" అని నర్సు రెండుసార్లు కసిరింది. ఆపలేదు. మూడోసారి నర్సే వచ్చి, "బాగా జరిగిందంట" అని చెప్పింది. అప్పుడు ఆగింది ఆయన చెయ్యి. తిరుపతమ్మ నర్సును కావలించుకుని ఏడ్చేసింది.

కార్తీకం వచ్చింది. చిన్నచిన్నగా ఊదుకోవచ్చని డాక్టరమ్మ సెలవిచ్చింది. మాల్యాద్రి నాదస్వరం సంకన పెట్టుకుని నడిచొచ్చాడు, ఎక్కడా ఆగకుండా. మొహం వెలిగిపోతోంది, కానీ నోట్లో ఫిర్యాదు సిద్ధంగా ఉంది.

"ఇంత కోయించుకున్నానా, ఇంకా ఒక మాత్ర మిగిలింది గురువు గారూ. రోజూ పొద్దున్నే. ఎన్నాళ్ళో ఇప్పుడే చెప్పలేనంది. మరి కోయించుకున్న సుఖమేంది? ఇవాళ కోపమొచ్చి తిరుపతమ్మ కళ్ళుగప్పి జేబులో వేసుకొచ్చా."

గురువు గారు వినిపించుకోనట్టే లోటాతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టారు. "ఊదు. రెండు స్వరాలు చాలు."

మాల్యాద్రి దారం విప్పి నాలుగో పీక తీశాడు. నాలుగు నెలలుగా ఎండిపోయి ఉంది. లోటాలో ముంచి పట్టుకున్నాడు.

"ఏందిరా ఆలస్యం? గీకిన పీకే గదా, ఊదెయ్."

"బలేవారే! ఎంత గీకినా తడపకుండా ఎట్టా ఊదే..."

మాట సగంలో ఆగిపోయింది. మాల్యాద్రి గురువు గారి వంక చూశాడు. ఆయన పిట్టగోడ మీది కాకిని తదేకంగా చూస్తున్నారు. మీసాల కింద నవ్వు మాత్రం దాగడం లేదు.

మాల్యాద్రి జేబులో చెయ్యి పెట్టి మాత్ర తీశాడు. పీక నానుతున్న లోటాలోంచే గుక్కెడు నీళ్ళు తాగి మింగాడు. పీక మెత్తబడేదాకా కదలకుండా కూర్చుని, బిగించి, మెల్లగా షడ్జం పట్టాడు.

గురువు గారు చెయ్యి చాచి తాళాలు అందుకున్నారు.