మూడు బుట్టలు, ఒక్క బండి

అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ కలిసి కట్టుకున్న పట్నం ఒకటి ఉండేది, పిల్లలూ. ఆ పట్నంలో పుట్టల వీధి అని ఒక వీధి. ఆ వీధిలో మాణిక్యమ్మ అనే ఏదుపంది కాపురం ఉండేది. కోపం వస్తే ఆమె ఒంటి మీది ముళ్ళన్నీ గలగలమని లేచి నిలబడేవి. కోపం తరచుగానే వచ్చేది.

ఆ పట్నంలో చెత్తని ఎవరూ పారబోసేవారు కాదు. తొక్కలన్నీ వానపాముల తోటకి ఎరువుగా వెళ్ళేవి. పాత కాగితాలు ఎలుకల మిల్లుకి వెళ్ళేవి. ఖాళీ సీసాలు తేనెటీగలు తీసుకుని మళ్ళీ తేనె నింపుకునేవి. రోజూ పొద్దున్నే గాడిదలు మూడు బండ్లు లాక్కుంటూ గుమ్మం గుమ్మానికీ వచ్చి, దేన్ని దానిలో వేసుకుని వెళ్ళేవి.

ఒకరోజు ఆ పట్నానికి పెద్ద అయిన భూపతి ఎలుగుబంటి, తన గుమాస్తా నక్క చేత చాటింపు వేయించాడు.

"వినండహో! రేపటి నుంచి బండి గుమ్మం ముందుకి రాదు. వీధి చివర ఆగుతుంది. ఎవరి బుట్టలు వాళ్ళే మోసుకురావాలి. తొక్కలొక బుట్ట, కాగితాలొక బుట్ట, సీసాలొక బుట్ట. కలిపి తెచ్చారో, తీసుకునేది లేదు!"

మాణిక్యమ్మ ముళ్ళు లేచాయి.

"ఇన్నాళ్ళూ గుమ్మంలోకి వచ్చిన బండికి ఇప్పుడేం రోగం వచ్చింది?" అంది.

పక్కింటి తాబేలు సూరమ్మ అవ్వ దిగులుగా మెడ బయటికి పెట్టింది. "నేను వీధి చివరికి చేరేసరికి బండి వెళ్ళిపోతుందే మాణిక్యం. నాకెలాగే?"

"నీ బుట్టలు కూడా నేనే మోస్తాలే అవ్వా."

తిట్టుకుంటూనే మాణిక్యమ్మ సీసాలు కడిగింది. కాగితాలు మడతపెట్టింది. తెల్లవారగానే తన బుట్టలూ అవ్వ బుట్టలూ రొప్పుకుంటూ వీధి చివరికి చేర్చింది. అక్కడ ఒక్కటే బండి ఉంది. దాని పక్కన వీరన్న అనే గాడిద నిలబడి ఉన్నాడు. అతను తొక్కల బుట్ట అందుకుని బండిలో గుమ్మరించాడు. వాటి మీదే కాగితాలు గుమ్మరించాడు. ఆ పైన సీసాల బుట్ట బోర్లించాడు. సీసాలు భళ్ళుమని పగిలాయి.

"ఒరేయ్! ఏం చేశావురా?" అని అరిచింది మాణిక్యమ్మ.

"బండిలో వేశానమ్మా."

"మూడూ ఒకదాంట్లోనా? నడుం పడిపోయేలా వేరు చేసి తెచ్చింది ఇందుకా?"

"అమ్మా, కొంచెం నా మాట విను..."

ఆమె వినలేదు. గిర్రున తిరిగి, వెనక్కి ఒక్క ఊపున అతని మీదికి వెళ్ళింది. ముళ్ళు వీరన్న భుజంలో కసుక్కున దిగాయి. అతను ఓండ్రపెడుతూ కూలబడ్డాడు. ఆ తోపుకి బండి ఒరిగి, కలిపిన చెత్తంతా వీధి చివరే ఒలికిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు, "బాగా బుద్ధి చెప్పావు!" అన్నారు. మాణిక్యమ్మ తల ఎగరేసుకుని ఇంటికి వచ్చేసింది.

మర్నాడు బండి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వీరన్న భుజం వాచి, కాడి మోయలేకపోయాడు. వీధి చివర చెత్త గుట్టలా పెరిగింది. ఈగలు ముసిరాయి. కుందేలు సుందరి కూతురు అటు గెంతుతూ వెళ్తే కాలిలో గాజుపెంకు దిగింది. సుందరి ఏడుస్తున్న పిల్లని చంకనెత్తుకుని మాణిక్యమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నీ కోపం తీరిపోయింది. మా పిల్ల కాలు ఎవరు బాగు చేస్తారు?" అంది.

మాణిక్యమ్మకి ఆ మాటకీ కోపం వచ్చింది. కానీ పిల్ల కాలిలోని గాజుపెంకు తీసి, కట్టు కట్టింది.  తర్వాత పసుపు నూరి, ఆకులో పెట్టుకుని, గాడిదల పాకకి వెళ్ళింది.

ఆమెని చూడగానే వీరన్న గోడకి అంటుకుపోయాడు.

"భయపడకు వీరన్నా. ముళ్ళు తీస్తాను, కదలకు." ఒక్కొక్క ముల్లూ పళ్ళతో లాగి, పసుపు పెట్టింది. "నాది తప్పు. ఆ రోజు నువ్వేదో చెప్పబోయావు. ఇప్పుడు చెప్పు, వింటాను."

"ఏముందమ్మా? భూపతిగారు కొండ మీద కొత్త గుహ కట్టుకుంటున్నారు. రాళ్ళు మోయడానికి రెండు బండ్లూ, మా వాళ్ళనీ పట్టుకుపోయారు. మిగిలిన ఒక్క బండిలో అన్నీ కలిపేసి వాగు పక్కన పొయ్యమన్నారు."

"మరి మమ్మల్ని వేరు చెయ్యమనడం దేనికి?"

"నేనూ అదే అడిగాను. 'వాళ్ళని చేసుకోనీ. చేస్తూ ఉంటే అన్నీ ముందులాగే జరుగుతున్నాయనుకుంటారు' అని నవ్వాడు నక్క."

మాణిక్యమ్మ ముళ్ళు ఒక్కసారిగా లేచాయి. వీరన్న బెదిరిపోయాడు.

"నీ మీద కాదులే," అంది ఆమె.

తిన్నగా భూపతి చావడికి వెళ్ళింది. "పెద్దాయన భోంచేస్తున్నారు," అన్నాడు నక్క. సాయంత్రం మళ్ళీ వెళ్ళింది. "నిద్రపోతున్నారు," అన్నాడు. మూడోసారి మాణిక్యమ్మ ఒక్కతే వెళ్ళలేదు. పుట్టల వీధి అంతా కదిలింది. వీధి చివరి గుట్టనంతా బుట్టలకెత్తుకుని వెళ్ళారు. సూరమ్మ అవ్వ కూడా వీపు మీద ఒక బుట్ట పెట్టుకుని, అందరికన్నా ముందే బయల్దేరింది. అన్నీ తీసుకెళ్ళి చావడి మధ్యలో గుమ్మరించారు.

భూపతి ముక్కు మూసుకుని బయటికి వచ్చాడు. "ఏమిటీ కంపు? ఏమిటీ దౌర్జన్యం?"

"ఇది మీ బండిలో కలిపిన చెత్తే. వేరు చేసి చూపించండి," అంది మాణిక్యమ్మ.

"వేళాకోళంగా ఉందా?" అని కసిరాడు నక్క.

"వేళాకోళం చేసింది మీరు! నేను సీసాలు కడిగాను. సుందరి పిల్లలు కాగితాలు ఏరారు. నడవలేని ఈ అవ్వ కూడా తొక్కలు విడిగా పెట్టింది. బండ్లు మీ గుహకి కావలసి వస్తే ఆ మాట చెప్పాల్సింది. మా చేత చాకిరీ చేయించి, వెనకాల నవ్వుకుంటారా? ఎవరనుకున్నారు మమ్మల్ని?"

 ఆమె ముళ్ళు నిక్కబొడుచుకునే ఉన్నాయి. కానీ ఉన్నచోటు నుంచి ఒక్క అడుగు కూడా కదల్లేదు.

"ఇంతోటి చెత్తకి ఇంత రాద్ధాంతమా?" అని భూపతి విసురుగా గుట్టలో పంజా పెట్టాడు. మరుక్షణం చావడి అదిరేలా అరిచాడు. పంజాలో గాజుపెంకు దిగింది.

ఎవరూ నవ్వలేదు.

"మా పిల్ల కూడా అలాగే అరిచిందయ్యా," అంది పిల్లని చంకనెత్తుకున్న సుందరి.

భూపతి తన పంజా వైపు చూసుకున్నాడు. కట్టు కట్టిన పిల్ల కాలు వైపు చూశాడు. ఎదురుగా వీధంతా నిలబడి ఉంది. ఒక్కరూ కదిలేలా లేరు. ఆ సాయంత్రమే కొండ మీది నుంచి రెండు బండ్లూ కిందికి దిగాయి. వాగు పక్కన పోసినదంతా నక్క చేతే ఎత్తించారు. సగం కట్టిన గుహ అలాగే ఆగిపోయింది.

మళ్ళీ బండ్లు గుమ్మం గుమ్మానికీ రావడం మొదలుపెట్టాయి. వీరన్న భుజం మానింది. కానీ మాణిక్యమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి అతని కాళ్ళు వాటంతటవే ఒక అడుగు పక్కకి జరిగేవి. ఆమె అది చూసేది. బుట్టలు తనే తీసుకెళ్ళి బండ్లలో పెట్టి, ముళ్ళు ఒంటికి అదిమిపట్టుకుని, నెమ్మదిగా ఇంట్లోకి నడిచేది.

నీతి: కోపం వచ్చినప్పుడు తప్పు ఎవరిదో ముందు తెలుసుకోవాలి. ఎదురుగా దొరికినవాళ్ళని గాయపరచకుండా, ఆ తప్పు చేసినవాళ్ళనే నిలబెట్టి అడగాలి.