మడత స్టేషను

పరాంకుశానికి గది నిండా రైలుంది, కాళ్ళు చాపుకునే చోటు మాత్రం లేదు.

ఒకప్పుడు అతను నీలంపల్లె అనే చిన్న స్టేషనుకి మాస్టరు. అక్కడికి రోజుకో బండి వచ్చేది, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. తర్వాత ఆ లైను అక్కర్లేదని పైవాళ్ళు పట్టాలు పెరికించారు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, స్టేషను పోయిన దిగులుతో తిరిగి తిరిగి కొండ కింద పీరాసాహెబు అనే ఫకీరు మకాంలో చేరాడు.

అక్కడ తన గదిలో నీలంపల్లెని బొమ్మగా మళ్ళీ కట్టుకున్నాడు. అగ్గిపెట్టెంత టికెట్ల గది, వేలెడంత ఇంజను, కానుగ చెట్టు, దాని కింద మంచినీళ్ళ కుండతో సహా. మధ్యాహ్నాలు ఆ బండి తిరుగుతుంటే, తను మేలుకుని ఉన్నాడో కలగంటున్నాడో అతనికే తెలిసేది కాదు.

దాన్ని మోసే బల్ల మాత్రం తుమ్మ దూలాలతో చేశాడు. ఏనుగెక్కినా చెక్కుచెదరదని గొప్పలు పోయేవాడు.

మకాంలో ఒకటే కట్టుబాటు. పొద్దుగూకి వచ్చిన బాటసారికి ఎవరో ఒకరు తమ గది ఇవ్వాలి. ఓ వానపూట చంటిబిడ్డతో ఒక తల్లి వచ్చింది. వంతు పరాంకుశానిది. గదిలో ఆమె నడుం వాల్చే చోటే లేదు. బిడ్డకి జల్లు తగలకుండా కొంగు కప్పి, తెల్లవార్లూ వసారాలోనే కూర్చుంది.

పరాంకుశానికి తల కొట్టేసినట్టయింది. తెల్లారగానే గొడ్డలి పట్టుకున్నాడు.

"ఇదుంటే అతిథికి చోటుండదు బాబా. పగలగొట్టేస్తా."

పీరాసాహెబు గొడ్డలి అందుకుని గోడకి ఆనించాడు. ఇంజను తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"బరువెంతుంది నాయనా?"

"పిచ్చుకంత బాబా."

"పిచ్చుక కూర్చునేదానికి ఇంత అంబారీ కట్టినావే!"

పరాంకుశానికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

దూలాలు వంటింటి పొయ్యిలోకి పోయాయి. సన్నటి వెదురు బద్దలతో చట్రం కట్టి, మీద పల్చటి చెక్క పరిచాడు. రెండు ముక్కలుగా చేసి నడుమ మడతబందులు బిగించాడు. కాళ్ళు లోపలికి ముడుచుకుంటాయి. బల్లని పుస్తకంలా మూసి గోడనున్న కొక్కేనికి తగిలించవచ్చు. ఒంటిచేత్తో ఎత్తేంత తేలిక.

అంతా కుదిరింది గానీ బల్ల మడత పడలేదు. అతను పట్టాని నడిమి అతుకు మీదుగా ఒకే ముక్కగా పరిచేశాడు, అదీ సరిగ్గా ప్లాట్‌ఫారం ముందు. అక్కడ కోస్తే తప్ప బల్ల మూసుకోదు. రోజూ రంపం తీయడం, మళ్ళీ కింద పెట్టడం, ఇదే వరస.

ఓ సాయంత్రం మబ్బు కమ్మింది. పసుపుకొమ్ముల బుట్టలతో నడిచొచ్చిన ముసలి మొగుడూపెళ్ళాలు బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. మళ్ళీ వంతు పరాంకుశానిదే. పీరాసాహెబు గదిలోకి వచ్చేసరికి అతను పట్టా మీద చెయ్యేసి కూర్చునున్నాడు.

"ఒకసారి వాళ్ళు పెరికారు బాబా. ఇప్పుడు నా చేత్తో నేనే కోయాలా? మడిచేస్తే నా నీలంపల్లె మళ్ళీ పోయినట్టే కదా!"

నమాజు వేళయింది. పీరాసాహెబు బల్లకీ గోడకీ మధ్య ఉన్న కాస్త సందులో చాప ఇరికించి పరిచాడు. పడమటికి తిరిగి నింపాదిగా నమాజు చేసుకున్నాడు. లేచి, చాప దులిపి, మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"చాప మడిచినానని పడమర ఎక్కడికన్నా పోయిందా నాయనా?"

పరాంకుశం చాలాసేపు ఆ చాపకేసే చూశాడు. తర్వాత సన్నరంపం తీసుకుని ప్లాట్‌ఫారం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పట్టా మీద రంపం ఆనించి,

"వాళ్ళని లోపలికి పిలవండి బాబా" అన్నాడు.